స్తంభం మీద దొరికిన సిగ్నల్

కరెంటు శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా ఇంటికి వస్తుంటారు. పాతవాళ్ల దగ్గర ఏదో ఉంటుందని వాళ్ల నమ్మకం. కాఫీ తాగి, మీ సర్వీసులో చేసిన పెద్ద పని ఏమిటి మేడం అని అడుగుతారు. నేను మామూలుగా ఒక గాలివాన తరవాత రెండు రోజుల్లో ఎనభై స్తంభాలు నిలబెట్టిన కథ చెప్పి పంపేస్తాను. అది నిజమే. కానీ రిటైరై మూడేళ్లయ్యాక కూడా నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసేది ఆ స్తంభాల సంగతి కాదు, పన్నెండు స్మార్ట్‌ఫోన్లు ఎంచిన సంగతి. దాన్ని ఎవరికీ ఎదురుగా కూర్చుని చెప్పలేదు. రాయడం కొంచెం సులువు.

నా చివరి పోస్టింగు కుందుర్పి దాటి కర్ణాటక సరిహద్దు వైపు ఒక సెక్షన్‌లో. అసిస్టెంట్ ఇంజనీరుని, అంటే ఏఈని, నేనే. ఒక సబ్‌స్టేషను, నాలుగు లైన్లు, పన్నెండు మంది లైన్‌మన్లు. వాన పడితే వేరుశనగ, బోరులో నీళ్లుంటే టమాటా. అందుచేత ఆ ఊళ్లలో మబ్బు గురించి అడగని రోజు ఉంటుందేమో కానీ కరెంటు గురించి అడగని రోజు ఉండదు.

ఒకరోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లైన్‌మన్లందరికీ స్మార్ట్‌ఫోన్లు ఇవ్వాలి, మీటర్ల ఫొటోలు, పగిలిన సామాను ఫొటోలు, హాజరు, అన్నీ ఫోన్లోనే పంపాలి. ఏ ఫోను, ఏ సిమ్ము అన్నది ఏ సెక్షన్‌కు ఆ సెక్షన్ చూసుకోవచ్చు. ఇలాంటి స్వేచ్ఛ మా శాఖలో అరుదు. నేను దాన్ని చాలా గౌరవంగా తీసుకున్నాను.

ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీశాను. అడ్డంగా ఫోన్ల పేర్లు, నిలువుగా వాటి గుణాలు. కెమెరా ఎంత, మెమరీ ఎంత, బ్యాటరీ ఎంత, తెర ఎంత, వేలిముద్రతో తెరుచుకుంటుందా లేదా. రెండు ఆదివారాలు అనంతపురం వెళ్లి మూడు షాపులు తిరిగాను. షాపు కుర్రవాళ్లకు తెలియనివి కూడా నేను అడిగేదాన్ని. చివరికి ఒక ఫోను తేలింది. సన్నగా, తేలికగా, నల్లగా మెరుస్తూ ఉంది. దానితో నా ఆఫీసు గోడ మీది మీటరు ఫొటో తీస్తే అంకెల కింద పేరుకున్న దుమ్ము కూడా కనిపించింది.

సిమ్ము విషయం ఇంకా సులువుగా తేలిపోయింది. ఒక కంపెనీవాళ్ల వెబ్‌సైటులో సిగ్నల్ అందే చోట్లకు రంగు వేసిన మ్యాపు ఉంది. మా మండలం మొత్తం ఒకే రంగు. నా ఆఫీసులో పెట్టి చూస్తే ఇంటర్నెట్టు పరుగెత్తింది. ఎందుకు పరుగెత్తదు, ఆ కంపెనీ టవరు మా ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తుంది.

మా సెక్షన్‌లో ఒక సీనియర్ లైన్‌మన్ ఉండేవాడు. నాకంటే వయసులో రెండేళ్లు చిన్నే అయినా అందరూ అన్నా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నా గళ్ల కాగితం ఆయనకు చూపించాను. మెచ్చుకుంటాడని ఆశ. ఆయన కాగితాన్ని కిందనుంచి పైకి ఒకసారి చదివాడు.

"అన్నీ బాగుండాయి మేడం. గట్టు కింద పల్లెలో ఈ సిమ్ము పలుకుతాదా?"

"మ్యాపు చూడన్నా. మండలమంతా ఉంది."

"మ్యాపులో రంగు ఉండాది. గట్టు యాడుండాదో చూపించు మేడం."

మ్యాపులో గట్టు, అంటే ఆ పల్లెను ఆనుకుని ఉన్న కొండ, లేదు. నేను నవ్వి, కంపెనీవాళ్లకు మనకంటే ఎక్కువ తెలుస్తుంది కదన్నా అన్నాను. ఆయన కాగితం నా చేతికిచ్చేశాడు. ఆయనకు ఒకే మాటను రెండుసార్లు చెప్పే అలవాటు లేదు. ఆ అలవాటు ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

ఫోన్లు పంచిన వారం నుంచే నవ్వులాటలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లుగా తీగలు లాగి లాగి మా వాళ్ల వేళ్ల మీద గీతలే మిగల్లేదు. ఫోను ఎవరి వేలినీ గుర్తుపట్టలేదు. ఎండలో తెర మీద తమ ముఖాలు తప్ప ఏమీ కనిపించవన్నారు. ఇవన్నీ కొత్త పని అంటే ఉండే బద్ధకం అనుకున్నాను. మీటర్ల ఫొటోలు మాత్రం జిల్లాలో అందరికంటే స్పష్టంగా వెళ్లేవి. పై ఆఫీసరు మీటింగులో నా పేరు చెప్పి మెచ్చుకున్నాడు.

ఆ ఊపులో నేను ఇంకో పని చేశాను. ఇది అర్థం కావాలంటే మా పనిలో ఒక్క సంగతి తెలియాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైను ఆపమంటాడు. ఆపరేటరు ఆపి, ఒక నంబరు ఇస్తాడు. దాన్ని మేము ఎల్‌సి అంటాం. పని అయ్యాక, కిందికి దిగాక, అదే మనిషి అదే నంబరు చెప్పి ఇప్పుడు ఇవ్వొచ్చు అంటేనే కరెంటు ఇవ్వాలి. ఎక్కినవాడి ప్రాణం ఆ ఫోను మాటకు వేలాడుతుంటుంది. ఈ ఎల్‌సి కోసం లైన్‌మన్లు అంతవరకు ఎవరి సొంత ఫోను వాళ్లు వాడేవాళ్లు. ఇకమీదట శాఖ ఇచ్చిన ఫోను నుంచి వస్తేనే తీసుకోవాలని నేను సర్క్యులర్ రాసి సంతకం పెట్టాను. రికార్డు సరిగా ఉంటుందని నా ఉద్దేశం.

అప్పట్లో నాకు తెలియని సంగతి ఒకటుంది. గట్టు కింద పల్లెలో నేలమీద ఈ కొత్త సిమ్ము పలికేది కాదు. స్తంభం పైకి ఎక్కితే కొంచెం పలికేది. ఒక్కోసారి మన టవరు, ఒక్కోసారి గట్టు అవతలి కర్ణాటక టవరు. అందుకని అటు డ్యూటీ చేసే లైన్‌మన్ లైను ఆపమని దారిలో సిగ్నల్ అందిన చోట చెప్పి, పని ముగిశాక మాత్రం స్తంభం మీదినుంచే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. అది తప్పని అతనికీ తెలుసు, ఆపరేటరుకూ తెలుసు. నాకు చెబితే కోప్పడతానని ఇద్దరూ చెప్పలేదు. కోప్పడేదాన్నే.

ఆ లైన్‌మన్‌కు నలభై దాటి ఉంటాయి. పొడగరి, పెద్దగా మాట్లాడేవాడు కాదు. తన పాత బటన్ల ఫోను పెళ్లానికి ఇచ్చేశాడు.

ఆ రోజు పొద్దున గాలికి గట్టు కింద ఒక పింగాణీ ఇన్సులేటరు పగిలింది. అతను, తోడుగా ఇంకొకడు వెళ్లారు. లైను ఆగింది. పదిన్నర కల్లా నా ఆఫీసు నిండా రైతులు. టమాటా పూత మీద ఉన్న కాలం. అందులో ఒకాయన నా టేబులు మీద రెండు చేతులూ ఆనించి వంగాడు.

"మేడం, పొద్దన్నుంచి మోటరు తిరగలే. పూతంతా రాలిపోతాంది. ఒక పింగాణీ గిన్నె మార్చేకి ఎంతసేపప్పా? నువ్వొచ్చి నీళ్లు పోస్తావా మా చేనికి?"

అంతలో సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేటరు కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి, జాగ్రత్తపరుడు.

"మేడం, గట్టు కిందినుంచి ఆయన్న ఫోన్ చేసినాడు. పని అయిపాయ అన్నాడు. ఆడికే మాట తెగిపాయ. మళ్లా చేస్తే కన్నడంలో ఏమో చెప్తాండాది."

"ఏం చెప్తోంది?"

"వ్యాప్తి ప్రదేశద హొరగిద్దారె అంటాంది. టవరుకు అందకుండా ఉండాడని."

"పని అయిపోయిందన్నాడా, లేదా?"

"అన్నాడు మేడం. తరవాత ఇయ్య... అని ఇంకేమో అన్నాడు."

"ఇవ్వమనే కదా. ఇవ్వు."

"నంబరు చెప్పలేదు మేడం."

టేబులు మీద ఆనించిన ఆ రెండు చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి. గోళ్లలో ఎర్రమట్టి. వాటిని చూస్తూనే అన్నాను: "నంబరు నీ పుస్తకంలోనే ఉంది కదయ్యా. నేను చెప్తున్నాను, ఇవ్వు."

అతను ఇచ్చాడు. నేను రైతులవైపు తిరిగి, వచ్చేసింది వెళ్లండి అన్నాను. వాళ్లు గుమ్మం దాటకముందే ఫోను మళ్లీ మోగింది.

"ఇచ్చిన చిటికెలో ట్రిప్ అయిపాయ మేడం," అన్నాడు ఆపరేటరు. అతని గొంతు నేను అంతకుముందు విన్న గొంతులా లేదు.

పని చేసేచోట తీగలకు ఎర్తు తగిలించి ఉంచుతారు. పొరపాటున కరెంటు వచ్చినా అది నేలలోకి పోయి, సబ్‌స్టేషన్‌లో లైను దానంతట అదే ఆగిపోవాలని. ట్రిప్ అయిందంటే ఎర్తు ఇంకా లైను మీదే ఉంది. ఎర్తు ఉందంటే మనిషి కూడా అక్కడే ఉన్నాడు. ఈ లెక్క నాకు అర్థం కావడానికి పట్టిన సమయంలో నేను కుర్చీలోంచి లేవలేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, మాది వేరే లైను.

సీనియర్ లైన్‌మన్, నేను జీపులో వెళ్లాం. నలభై నిమిషాల దారి. నేను వందసార్లు ఫోన్ చేసి ఉంటాను. ప్రతిసారీ అదే కన్నడ ఆడగొంతు, చాలా మర్యాదగా.

అతను స్తంభం కింద పడి ఉన్నాడు. ముందురోజు దున్నిన చేను కావడంతో మట్టి గుల్లగా ఉంది. మేకలు తోలుకునే ముసలాయన ఒకడు తన గొంగడి ఎత్తి పట్టుకుని అతని ముఖానికి నీడ చేస్తున్నాడు. తోడు వెళ్లినవాడు కనిపించలేదు. యాడికి పోయినాడని సీనియర్ అడిగితే ముసలాయన గడ్డంతో గట్టువైపు చూపించాడు. సగం గట్టు మీద ఒక మనిషి నేనిచ్చిన ఫోనును తలపైకి ఎత్తిపట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అంబులెన్సుకు చెప్పడానికి సిగ్నల్ వెతుక్కుంటున్నాడు.

మేమే జీపులో ఎక్కించుకున్నాం. తొడ ఎముక విరిగింది, కుడి మణికట్టు విరిగింది, అరచేతులు కాలాయి. స్పృహలోనే ఉన్నాడు. వెనక సీట్లో అతని భుజాలు నేను పట్టుకున్నాను.

"ఇయ్యొద్దు అంటి మేడం," అన్నాడు. "ఎర్తు తీసి దిగినాంక చెప్తా, ఇప్పుడే ఇయ్యొద్దు అంటి. ఆయప్పకు ఇనపళ్లేదా?"

ఆపరేటరు తనంతట తానే ఇచ్చాడని అతను అనుకుంటున్నాడు. అనంతపురం ఆసుపత్రి దాకా రెండు గంటల ప్రయాణంలో అతన్ని అలా అనుకోనిచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో ఇది మరీ పెద్ద తప్పు కాదని మీరనుకోవచ్చు. నాకు మాత్రం తక్కినవన్నీ తొందరలోనో అజ్ఞానంలోనో చేసినట్టు, ఇది ఒక్కటి తీరికగా చేసినట్టు ఉంటుంది.

మూడోరోజు విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. మంచివాడు, నా మేలు కోరినవాడు. కాగితాలన్నీ తిరగేసి తలుపు వేయమన్నాడు.

"ఆపరేటరు నంబరు లేకుండా ఇచ్చాడు. లైన్‌మన్ స్తంభం మీదినుంచి ఫోన్ చేశాడు. రెండూ రూలుకు విరుద్ధం. మీరు ఇవ్వమన్నట్టు లాగ్ బుక్కులో ఎక్కడా లేదు కదమ్మా?"

లేదు. ఆపరేటరు భయపడి రాయలేదు. రాస్తే నేనేమంటానో అని భయం.

"అయితే ఆలోచించుకుని రిపోర్టు ఇవ్వండి," అని వెళ్లిపోయాడు.

నేను ఆలోచించుకుని రాశాను. మా శాఖలో రిపోర్టు రాయడం ఒక కళ. సంఘటన మొత్తం ఉంటుంది, మనుషులు ఉండరు. "సమాచార లోపం వలన ప్రమాదం సంభవించినది" అని ముగించాను. టైపు చేయించాక సీనియర్ లైన్‌మన్ సాక్షి సంతకం కావాలి కాబట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన ఈ కాగితం పైనుంచి కిందికే చదివాడు. చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి ఆపాడు.

"సమాచార లోపం అంటే ఎవురు మేడం?"

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"ఆ పేరుతో మన సెక్షన్లో ఎవురూ లేరే," అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు, హాజరుపట్టీ చూసి చెప్పినట్టు అన్నాడు. కాగితం టేబులు మీద పెట్టి, సంతకం చేయకుండా బయటికి వెళ్లిపోయాడు.

వెంటనే నా మనసు మారిపోయిందని చెబితే అబద్ధం. రెండు రోజులు పట్టింది. మొదటి రోజంతా ఆయన మీద కోపంగానే ఉన్నాను. రెండోరోజు ఆపరేటరు వచ్చి ఏమీ అడగకుండా పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడి వెళ్లాడు. ఉద్యోగం పోతే ఏం చేస్తాడో నాకు తెలుసు, బెంగళూరు పోయి ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో కూర్చుంటాడు. ఆ సాయంత్రం పాత రిపోర్టు చించి కొత్తది నా చేత్తో రాశాను. నంబరు లేదని ఆపరేటరు చెప్పినా ఇవ్వమన్నది నేను. పలకని చోట పలకని ఫోను ఇచ్చింది నేను. పలికే ఫోన్లు వాడొద్దని సర్క్యులరు రాసింది నేను. ఒక పేజీ కూడా రాలేదు.

పంపే ముందు ఆసుపత్రికి వెళ్లాను. పై ఆఫీసు నుంచి అతనికి తెలియడం నాకిష్టం లేదు. అతని పెళ్లాం పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఇద్దరికీ వినపడేలా, ఇవ్వమన్నది నేనే అని చెప్పాను.

అతను కట్టు కట్టిన చేతిని పొట్ట మీదికి జరుపుకున్నాడు.

"రైతులు మీద పడింటారు," అన్నాడు.

"అవును."

"అయినా నంబరు అడగల్ల కదా మేడం."

నేను అవునన్నాను. ఆమె తన ఒళ్లోని సంచిలోంచి పాత బటన్ల ఫోను తీసి చూసుకుని మళ్లీ సంచిలో పెట్టింది.

"ఇది ఆడ బాగా పలుకుతాది మేడం," అంది. "నేను చేనికి పోయినప్పుడు రోజూ మా యమ్మతో మాట్లాడతాండా. ఆ స్తంభం పక్కనే మా చేను."

అంతే అంది. తిట్టలేదు. అనంతపురం నుంచి బస్సులో వస్తూ కళ్యాణదుర్గం దాటేదాకా, తిట్టి ఉంటే బాగుండేదని అనుకుంటూ వచ్చాను.

నాకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. ఆపరేటరు ఉద్యోగం నిలబడింది. లైన్‌మన్ మీద రిమార్కు పడలేదు. శిక్ష నేననుకున్నదానికంటే తక్కువే, మా శాఖ అలాంటి వాటిల్లో ఉదారంగానే ఉంటుంది. మీటింగులో నన్ను మెచ్చుకున్న ఆఫీసరు మాత్రం తరవాతి మీటింగులో నా వైపు చూడలేదు.

ఆ తరవాత మళ్లీ ఫోన్లు ఎంచాను. ఈసారి గళ్ల కాగితం వేరు. నాలుగు కంపెనీల సిమ్ములు సంపాదించి, నేనూ సీనియర్ లైన్‌మనూ నాలుగు లైన్ల వెంట స్తంభం స్తంభానికీ నడిచాం. పదకొండు రోజులు. ప్రతి స్తంభం కిందా నేలమీద నిలబడి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయడం, అవతలి మాట పూర్తిగా వినపడితే టిక్కు, తెగితే ఇంటూ. ఎక్కడ ఏ సిమ్మూ పలకలేదో ఆ స్తంభాలకు ఒక నల్ల గీత వేయించాం. పలికే చోటు వచ్చేదాకా నడిచి అక్కడినుంచే మాట్లాడాలి, స్తంభం మీదినుంచి ఎవరు మాట్లాడినా తీసుకోకూడదు. గట్టు కింద ఆ పాత బటన్ల ఫోనులోని సిమ్మే పలికింది. మ్యాపులో ఆ కంపెనీ రంగు అక్కడ లేనే లేదు.

చివరికి కొన్న ఫోన్లు లావుగా, బరువుగా ఉన్నాయి. రెండు సిమ్ములు పడతాయి, గాలిలో కూడా రింగు వినపడుతుంది, ఎండలో అంకెలు కనిపిస్తాయి. ఫొటోలు మసగ్గా వచ్చేవి. మీటరు ఫొటోల్లో మా సెక్షన్ అట్టడుక్కు పోయింది.

లైన్‌మన్ ఏడు నెలలకు లేచి నడిచాడు, కొంచెం కుంటుతూ. స్తంభం ఎక్కే పని ఇంక కుదరదన్నారు. అతన్ని సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా వేశాం.

నేను రిటైరవడానికి రెండు నెలలుందనగా ఒక మధ్యాహ్నం వేరే లైనులో పని జరుగుతోంది. నేను అక్కడే ఉన్నాను. నా కళ్లముందే మనుషులు దిగారు, ఎర్తులు తీశారు, సామాను జీపులో పెట్టారు. ఎల్‌సి తీసుకున్న సీనియర్ లైన్‌మన్ చేతులు కడుక్కుంటున్నాడు. ఇంకా ఆగడం ఎందుకని నేనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను.

"పని అయిపోయింది. అందరూ దిగారు, నేను పక్కనే ఉన్నాను. లైను ఇచ్చెయ్."

ఆ రోజు డ్యూటీలో ఉన్నది గట్టు కింద పడిన అతనే.

"ఎల్‌సి ఎవురి పేర ఉండాదో ఆయన్న చెప్పల్ల మేడం."

"ఏఈని నేను చెప్తున్నానయ్యా. గొంతు గుర్తుపట్టలేదా?"

"పట్టినా మేడం," అన్నాడు. "మీరు చెప్తే ఇయ్యను."

అంత ప్రశాంతంగా నా మాట కాదన్నవాళ్లు నా సర్వీసులో లేరు. చుట్టూ నిలబడ్డ లైన్‌మన్లకు ఆ మాట వినపడింది, ఎవరూ నా వైపు చూడలేదు. సీనియర్ లైన్‌మన్ తడిచేతులు తుండుగుడ్డకు తుడుచుకుని వచ్చేదాకా ఆగి, ఫోను ఆయన చేతికిచ్చి, పక్కకు జరిగి నిలబడ్డాను.